అన్నం తిన్నాక ఒక మాత్ర

హిందూపురంలో మధ్యాహ్నం బయలుదేరిన ధర్మవరం ప్యాసింజరు. కిటికీ పక్కన పుష్పావతి. ఆమెను ఆనుకొని, పెనుకొండలో దిగవలసిన తల్లి యల్లక్క. ఎదుటి సీట్లో, ధర్మవరం దాకా పోవలసిన అత్త ఆదిలక్ష్మమ్మ. పుష్పావతిని డాక్టరుకు చూపించుకొని ముగ్గురూ వస్తున్నారు.

"అందుకే చెప్తాండా వదినా. ఇంగ కొంచేపటికి పెనుకొండ వస్తాది. పాప నాతోపాటు దిగుతాది. దాంట్లో ఇంగ మాటే లేదు."

"ఎవురిని అడిగి ఖాయం చేసినావు యల్లక్కా? నా కొడుకును అడిగినావా?"

"నీ కొడుకును అడిగేదేంది? మగ్గం గుంతలో కాళ్లు దించితే తలకాయ పైకెత్తడు. పెండ్లాము ఇంట్లో ఉండాదో ఊర్లో ఉండాదో చీర కోసినాంక గాని తెలీదు ఆ పిల్లోనికి."

"మా శ్రీనివాసులును ఏమన్నా అంటే ఒప్పుకోను. మొన్న దీనికి ఫిట్సు వచ్చినప్పుడు తల కింద టవలు పెట్టి, పక్కకు తిప్పి పండబెట్టింది వాడే. ఫోన్లో వీడియో చూసి నేర్చుకున్నాడు."

"వాడు పక్కకు తిప్పుతాంటే నువ్వేమి చేస్తాంటివి? అది చెప్పు వదినా."

"నేనా? చేతిలో బీగాలగుత్తి పెడ్తి."

"ఆ, బీగాలగుత్తి. డాక్టరమ్మ ఎట్ల నవ్విందో చూసినావా? ఇనుమును చూసి పారిపోయేదానికి ఫిట్సేమన్నా దొంగనా అని."

"నువ్వు మాత్రం తక్కువదానివా? ఉగాదికి మీ ఇంట్లో వచ్చినప్పుడు చెప్పు వాసన చూపించినావంట. అదీ మీ ఆయన చెప్పు."

"నా చెప్పు కొత్తది. వాసన రాదు."

"అమ్మా, అత్తా, పక్క సీట్లోవాళ్లు వింటాండారు."

"విననీలే పాపా. వింటే వాళ్లకూ తెలుస్తాది. బీగాలొద్దు, చెప్పొద్దు, ముక్కు కాడ ఎర్రగడ్డ పిసికేదొద్దు. అదిమి పట్టుకోవద్దు. నోట్లో ఏమీ పెట్టద్దు. పక్కకు తిప్పి, ఫిట్సు దానంతట అది నిలిచిపోయేదాకా పక్కన కూకోవాల. ఐదు నిమిషాలు దాటినా నిలిచిపోకుంటే ఆస్పత్రికి ఎత్తుకొని పోవాల. నేను డాక్టరమ్మ చెప్పిందంతా బుర్రకెక్కించుకున్నా. మీ అత్త మాదిరి గోడ మీద క్యాలెండరు చూస్తా కూకోలే."

"మళ్లా ఎప్పుడు రావాలో తారీకు చూసినాలే. ఇంగ నోట్లో పెట్టేదాని గురించి నాకు చెప్పద్దు యల్లక్కా. ఈ వేలు చూడు. నాలిక కొరుక్కుంటాదేమోనని పెడ్తి. గోరు పాయ. పోతే పోయింది, నా కోడలి నాలిక ఉండాది కదా."

"నాలిక ఉండి ఏమి లాభం? పొద్దుట్నుంచి నాలుగు మాటలు మాట్లాడలే. ఏమే పాపా, నువ్వే చెప్పు. నాతో వస్తావా, మీ అత్తతో పోతావా?"

"మీరిద్దరూ మాట్లాడుకోండమ్మా."

"చూసినావా వదినా? నీ ముందర నోరు తెరిచేదానికి భయం దానికి."

"భయమా? నా ముందరా? నిన్న నేను చేసిన పులుసులో ఉప్పు మరిచిపోతి. మొగుడూ పెండ్లాలిద్దరూ నా ముందరే పెద్ద పెద్ద ముద్దలు మింగి, మిద్దె మీదకు పోయి నవ్వుకుంటాండారు. మిద్దె మీది నవ్వు నాకు వినపడదనుకున్నారు."

"నవ్వినామా అత్తా? వేరేదానికేమో."

"వేరేదానికేలే. ఉప్పు డబ్బా ఎత్తుకొని పోయి నవ్వుకుంటాంటిరి."

"నవ్వుకుంటే నవ్వుకోనీ వదినా, మాట మార్చద్దు. నాకు ఒకటే అనుమానం. మా ఇంట్లో ఉన్నన్నాళ్లు దీనికి తలనొప్పి కూడా రాలే. మీ ఇంటికి వచ్చినాంకనే కదా ఇదంతా? ఆ జకార్డు మగ్గం టకటక టకటకా, పొద్దు లేచింటే అదే మోత. ఎవురి తలకాయైనా తిరిగిపోదా?"

"మా వీధిలో ఇంటికో మగ్గం ఉండాది. అట్లయితే వీధి వీధంతా పడిపోవాల. ఆ మాట డాక్టరమ్మను కూడా అడిగినావు కదా. ఏమనింది?"

"మోతకు రాదనింది."

"ఇంగా?"

"ఇంగేముంది?"

"చెప్పు చెప్పు. కూరాకు సంగతి చెప్పు."

"అది స్కానులో లేదన్నారు కదా వదినా, ఇప్పుడెందుకు?"

"లేదన్నారు సరే. ఉందేమోనని ముందు అనుమానపడ్డారు కదా. కడగని కొత్తిమీర మీద, ఆకుకూరల మీద పురుగు గుడ్లుంటాయంట. అవి కడుపులోకి పోయి, ఆడనుంచి నెత్తురులో పడి తలకాయలోకి ఎక్కి గూడు కట్టుకుంటే కూడా ఫిట్సు వస్తాయంట. అది వింటానే నాకు మీ వంటిల్లు గుర్తొచ్చె."

"మా వంటిల్లు నువ్వెప్పుడు చూసినావు? వస్తానే విస్తరి ముందర కూకుంటావు, తింటావు, బస్సుకు టయిమైందని లేస్తావు."

"విస్తర్లోనే కనపడింది కదా కొత్తిమీరకు అంటుకొన్న మన్ను."

"అది ధనియాలపొడి."

"అత్తా, స్కాను బాగుందన్నారు. పురుగు లేదు, గడ్డ లేదు. తలకంతా వైర్లు అంటించి తీసిన పరీక్షలోనే కొంచెం తేడా ఉందన్నారు. శానామందికి ఇది ఎందుకొస్తాదో కారణం దొరకనే దొరకదంట. ఎవురి తప్పూ కాదంట."

"ఎవురి తప్పూ కాకుండా ఎట్ల వస్తాదే పుష్పా? ఏదో ఒకటి ఉండాల కదా."

"మెదడు నడిచేదే కరెంటుతో అంట అత్తా. అది ఉన్నట్లుండి ఒక్కసారిగా ఎక్కువ వచ్చేస్తే ఒళ్లంతా కొట్టుకుంటాదంట."

"మన వీధి ట్రాన్స్‌ఫార్మరు మాదిరా?"

"అట్లే అనుకో."

"అయితే మాత్ర ఏమి చేస్తాది?"

"ఆ కరెంటును అదుపులో పెడ్తాది. మాత్ర ఉన్నంతసేపు ఎక్కువ రాకుండా చూసుకుంటాది."

"మరి దినమూ వేసుకుంటాండావు, అయినా వస్తాండాది. డాక్టరమ్మ అదే అడిగె కదా. ఒక్క పూట కూడా తప్పకుండా వేసుకుంటాండాదా అని. నేను చెప్పినా, నా చేత్తో నేనిస్తా, తప్పే మాటే లేదని. అయితే ఈ మాత్ర చాలదు, పెంచాల, దాంతో ఇంగోటి కలపాల అని కొత్తవి రాసె."

"పెంచుతారు, కలుపుతారు. పిల్ల దినమంతా మబ్బుగా పండుకుంటాది. నువ్వు మగ్గం కాడికి పిలుస్తావు, అది కండ్లు మూసుకొని వస్తాది. అందుకే అంటాండా, నాతో పంపించు. ఆరునెలలు నా కండ్ల ముందర ఉంటే నేను బాగు చేసుకుంటా. ఇదేమి స్టేషను పాపా?"

"మలుగూరు అమ్మా."

"ఆరునెలలు కాదు, ఆరు దినాలు కూడా పంపించను. మగ్గం కాడికి పోనిచ్చి యాడాదాయ. దారం కండెలు చుట్టేదానికి కూడా పిలవను. అడుగు దాన్ని. నేనే ఒద్దంటాంటే, ఖాళీగా కూకోలేనత్తా అని అదే వస్తాది. ఊరికే నోరు పారేసుకోవద్దు యల్లక్కా. సరేలే, కడుపులో ఏమీ లేక మాటలు పెరుగుతాండాయి. చిత్రాన్నం తెచ్చినా. చెనక్కాయలు బాగా వేసినా. పుష్పా, చేయి కడుక్కో."

"నాకాకలి లేదత్తా."

"పొద్దున కూడా అదే అంటివి. డాక్టరు కాడికి పోయేటప్పుడు భయంతో తినలేదేమో అనుకుంటి. ఇప్పుడేమాయ? పట్టు."

"ఉండనీ వదినా, బలవంతం చేయద్దు. దానికి వద్దులే."

"దానికి వద్దని నీకెట్ల తెలుసు?"

"తినాలనిపిస్తే తినదా? చిన్నపిల్లనా?"

"ఇద్దరూ ముఖాలు చూసుకుంటాండారు ఏంది? ఏమి పుష్పా? కడుపునొప్పా మళ్లా? ఈ పొద్దు ఏ వారం?"

"బేస్తవారం అత్తా."

"అదే చెప్తాండా. బేస్తవారం వస్తే దీనికి కడుపునొప్పి. వాము నీళ్లు తాపిస్తా, గమ్మున తాగి పండుకుంటాది. శుక్రవారానికి బాగైపోతాది. వారం చూసుకొని వచ్చే కడుపునొప్పి నేను యాడా చూడలే."

"అది కడుపునొప్పి కాదు వదినా."

"మరేంది?"

"చెప్తే నువ్వు అరవకూడదు."

"నేనెప్పుడు అరిచినా?"

"పెనుకొండ దర్గాలో బాబయ్య స్వామికి మొక్కుకున్నా. నా బిడ్డకు ఈ ఫిట్సు పూర్తిగా పోతే పూలచాదరు కప్పిస్తానని. అంతదాకా బేస్తవారం బేస్తవారం అది ఉపవాసముంటాదని. నేనూ ఉంటాండా దాంతోపాటు. దినమంతా నీళ్లు, రాత్రికి పాలు, ఒక అరటిపండు."

"నా ఇంట్లో ఉండి, నాకు తెలీకుండా?"

"నీకు చెప్తే ఒప్పుకుంటావా? అందుకే పాపకు చెప్పినా, మీ అత్తకు చెప్పద్దు, కడుపునొప్పి అను అని."

"ఒసే పుష్పా. నేను వాము వేయించి, దంచి, కాంచి, చల్లార్చి తాపిస్తాంటి కదే."

"తాగినా కదత్తా."

"ఉపవాసంలో తాగచ్చా?"

"నీళ్లే కదా అనుకున్నా."

"చూడు యల్లక్కా. బిడ్డను పస్తు పెట్టేదీ నువ్వే, నా ఇంట్లో చిక్కిపోయిందని వచ్చినప్పుడల్లా చేతులు పట్టి చూసేదీ నువ్వే. దానికి అసలే వారంలో ఒక దినం ఒక్కపొద్దు ఉంటే, నువ్వు ఇంగో దినం..."

"ఆగు వదినా. అసలే ఒక దినం ఏంది?"

"ఏమీ లేదులే."

"ఏమీ లేకుండా ఆ మాట ఎట్ల వచ్చె? పాపా, ఏ దినం?"

"శనివారం అమ్మా."

"శనివారం ఎవురికి?"

"కదిరి నరసింహస్వామికి. అత్త మొక్కుకునింది. పొద్దుట్నుంచి ఏమీ ముట్టకుండా ఉండి, సందకాడ దీపం పెట్టినాంక తినాల."

"శనివారం నువ్వు, బేస్తవారం నేను. ఇది నా బిడ్డా, ఉపవాసాల యంత్రమా? నాకు ఎందుకు చెప్పలేదు వదినా?"

"నువ్వు నాకెందుకు చెప్పలే?"

"మొక్కు బయటికి చెప్తే ఫలం పోతాదని."

"నేనూ అందుకే."

"పాపా, నువ్వన్నా చెప్పకూడదా?"

"నువ్వు అత్తకు చెప్పద్దంటివి. అత్త నీకు చెప్పద్దనె. ఇద్దరూ దేవుని మీద ఒట్టు పెట్టిస్తిరి. నేనెవురికి చెప్పాల?"

"సరే, అయిపోయింది. ఇంగ దాంట్లో కొట్లాడి లాభం లేదు. అన్నం తినకుంటే పోనీ. నీ మాత్రన్నా వేసుకో పుష్పా. పాతవి ఈ డబ్బాలో ఉండాయి, కొత్తవి ఈ కవర్లో ఉండాయి. నీళ్లు పట్టు."

"ఇప్పుడొద్దత్తా."

"ఎందుకొద్దు?"

"అన్నం తిన్నాక వేసుకొనే మాత్ర కదా అది."

"అయితే?"

"ఈ పొద్దు అన్నం లేదు కదా."

"పొద్దున వేసుకున్నావా?"

"లేదు."

"డబ్బాలో పొద్దుటి గూడులో పెట్టిస్తి కదే?"

"తీసి మళ్లా సీసాలో వేసేసినా. బేస్తవారం రెండు పూటలవీ సీసాలోకే. శనివారం పొద్దుటిది ఒకటే సీసాలోకి. సందకాడ తింటాం కదా, రాత్రిది వేసుకుంటా."

"ఎన్నాళ్లుగా?"

"మొక్కులు మొదలైనప్పట్నుంచీ."

"ఎవురు చెప్పిరే నీకు మాత్ర మానమని?"

"మానలేదత్తా. చీటీలో అన్నం తిన్నాక అనే రాసిండేది. అన్నం తినని పొద్దు ఎట్ల వేసుకునేది? ఖాళీ కడుపుతో వేసుకుంటే మంట పుడ్తాదని మెడికల్ షాపాయన కూడా చెప్పె. మళ్లా నువ్వు కూడా అంటివి కదా, ఒక్కపొద్దు దినం నోట్లో ఏమీ పడకూడదు, పడితే స్వామికి కోపమని."

"నేను అనింది టీ గురించి. నువ్వు పొద్దున్నే టీ పెట్టుకుంటాంటే అంటి. మాత్ర గురించి ఎవురన్నారు?"

"టీ పోతే మాత్ర పోదా? రెండూ గొంతులోకే కదా పోయేది."

"వదినా."

"ఏమి యల్లక్కా?"

"పోయినసారి దీనికి ఫిట్సు వచ్చింది ఏ వారం?"

"శుక్రవారం. తెల్లారుజామున గడప కడుగుతాంటే. శుక్రవారం కదా, చౌడమ్మ తల్లి పూనిందేమోనని నేను కర్పూరం వెలిగించి హారతి కూడా ఇస్తి. శ్రీనివాసులు హారతి పళ్లెం గుంజుకొని పక్కన పెట్టె."

"అంతకు ముందు?"

"శనివారం. దీపం పెట్టే టయానికి."

"దానికంటే ముందు?"

"అదీ శుక్రవారమే. యల్లక్కా, నువ్వు అనుకొనేదే నేనూ అనుకుంటాండానా?"

"నేను ఏమీ అనుకోవడంలే. వారాలు లెక్క పెట్టుకుంటాండా."

"మొదట్లో మాత్రలు వాడినప్పుడు నెలల తరబడి రానే రాలేదు కదా. నయమైపోతాండాది, ఇంగ పూర్తిగా పోవాల అని కదా నేను మొక్కుకునింది."

"నేనూ అప్పుడే. ఇంగ కొంచెం గట్టిగా మొక్కితే మాత్రలు కూడా మానేయొచ్చని."

"అది పోవాలని మనం పస్తు పెడ్తిమి. పస్తుకు మాత్ర పాయ. మాత్ర పోతే అది వచ్చె. అది వచ్చిందని ఇంగా గట్టిగా పస్తు పెడ్తిమి. పోయిన నెల నేను శనివారం నీళ్లు కూడా తగ్గించమని చెప్తి దీనికి."

"నేను పాలు ఆపేసి ఒట్టి అరటిపండే తినమంటి. పాపా, ముందు ఆ చిత్రాన్నం తిను. బాబయ్య స్వామికి నేను చెప్పుకుంటా. తిను అంటాండా. వదినా, నువ్వే కలిపి దాని చేతిలో పెట్టు."

"తింటాలే అమ్మా. నేను బాగానే ఉండా. ఒక్క నిమిషం, డాక్టరమ్మ కాడుండే నర్సుకు ఫోన్ చేస్తా. పెంచి రాసిన మాత్రలు మొదలుపెట్టకముందే చెప్పాల కదా."

"ఏమని చెప్తావే? నేను అబద్ధం చెప్పినానంటావా?"

"లేదులే అత్తా. హలో, వనితక్కా, నేను పుష్పావతి. ధర్మవరం. పొద్దున వచ్చింటిమి కదా. ఆ, వేలికి గుడ్డ కట్టుకొని వచ్చినామె, ఆమె కోడల్నే. డాక్టరమ్మకు ఒక మాట చెప్పాల అక్కా. చిన్నదే. ఇస్తాండావా? నమస్తే మేడం. మేడం, నేను మాత్రలు దినమూ వేసుకోలేదు. వారంలో రెండు దినాలు తప్పుతాండాయి. ఉపవాసం మేడం. రెండు. ఇద్దరు దేవుళ్లకు. లేదు మేడం, ఇద్దరు అమ్మలకు. ఆ. ఆ. ఈ పొద్దు పొద్దుటిది కూడా లేదు. ఇప్పుడే వేసుకోవచ్చా? సరే మేడం. పాతదే. సరే. కొత్తవి ఇప్పుడు వద్దు. సరే. చెప్తా. ఇద్దరికీ చెప్తా. ఆ మాట కూడా చెప్తా మేడం."

"ఏమనిందే?"

"ఇప్పుడు పాత మాత్ర ఒకటి వేసుకోమనింది. రాత్రిది ఎప్పటి మాదిరే రాత్రికి. ఒకేసారి రెండు కలిపి వేసుకోవద్దనింది. కొత్తవి పక్కన పెట్టమనింది. ఒక్క పూట కూడా తప్పకుండా నెల దినాలు వేసుకొని, రాత్రిళ్లు బాగా నిద్రపోయి మళ్లా రావాల. అప్పటికీ వస్తే పెంచేది ఆలోచిస్తానని. డాక్టరుకు చెప్పకుండా ఒక్క మాత్ర కూడా ఆపకూడదంట."

"ఆ మాట కూడా చెప్తా అంటివి, అదేంది?"

"దేవుళ్లకు నా తరపున నమస్కారం చెప్పి, ఇంగ ఆమె పని ఆమెను చేసుకోనిమ్మని చెప్పమనె."

"బాగా పడింది మాకు. ఈ నాలుగు ముద్దలు తిని, నా ముందరే మాత్ర వేసుకో. నీళ్లు తాగు. నోరు తెరువు, చూస్తా."

"అత్తా, మింగేసినా."

"చెప్తే నమ్మేకాలం పాయ పుష్పా. నాలిక ఎత్తు."

"ఇదేందో స్టేషనొచ్చె."

"చాకర్లపల్లి అమ్మా."

"అయితే ఇంగ వచ్చేది పెనుకొండే. పాపా, నీ సంచి కిందికి దించు."

"ఇంగా దింపుతావా? ఇంత తెలిసినాంక కూడా?"

"తెలిసింది కాబట్టే వదినా. నువ్వు చేత్తో ఇచ్చిన మాత్ర అది సీసాలో వేసేస్తాంటే చూసుకోలేకపోతివి. నేనైతే పక్కన కూకొని మింగిస్తా."

"నువ్వు మింగిస్తావా? రెండు పూటలు పోగొట్టింది నీ బేస్తవారమే. నా శనివారానికి పోయింది ఒక పూటే."

"ఒక పూటకు కూడా వచ్చె కదా ఫిట్సు."

"అదీ నిజమే. సరే, తప్పు నాది కూడా ఉండాది. డాక్టరమ్మ ముందర పెద్ద నాయకురాలి మాదిరి నా చేత్తో ఇస్తాండానంటి. తీసుకొనిపో. కోడల్ని చూసుకోవడం రాని అత్త దగ్గర ఎందుకు?"

"అట్లనద్దు వదినా. నువ్వు గోరు పోగొట్టుకుంటివి దానికోసం. నేను దూరం నుంచి ఉపవాసం పెట్టించి గొప్పగా అనుకుంటి. నువ్వే పెట్టుకో."

"వద్దు, నువ్వే తీసుకొనిపో."

"లేదులే, నీ దగ్గరే ఉండనీ."

"ఇంతసేపూ నాకు నాకు అంటిరి, ఇప్పుడు నాకొద్దు నాకొద్దు అంటాండారు. నేనేమన్నా తూకం తక్కువ చీరనా?"

"నీ నోటికి ఇప్పుడు మాటొచ్చె. అయితే నువ్వే చెప్పు పుష్పా. నీకు యాడ ఉండాలని ఉండాది?"

"అదుండనీ అత్తా. అమ్మా, నువ్వు ఈ పొద్దు బీపీ మాత్ర వేసుకున్నావా?"

"నాదెందుకు ఇప్పుడు?"

"నువ్వూ నాతోపాటు ఉపవాసం అంటివి కదా. అన్నం తిన్నాక మాత్రే కదా నీదీ."

"నాది వేరేలే. నాది బీపీ. ఒక పూట లేకుంటే ఏమీ కాదు."

"యల్లక్కా, ఏమీ కాదా? పోయిన నెల గుడి మెట్లకాడ తల తిరిగి కూకుంటివి అని మీ ఆయన ఫోన్ చేస్తే మేము పరిగెత్తుకొని రాలేదా? అది ఏ వారం?"

"నాకు గుర్తులేదు."

"నాకు గుర్తుండాది. శుక్రవారం. మీ ఇంటికొస్తే నువ్వు మాకు ఓళిగలు చేసి పెట్టినావు, తల తిరుగుతాంటే కూడా."

"అత్తా, నాతోపాటు ఒక్కపొద్దుండే శనివారం నువ్వు షుగర్ మాత్ర వేసుకుంటావా?"

"నన్నెందుకు అడుగుతావు? నేను పెద్దదాన్ని."

"వేసుకోదు. నాకు తెలుసు. పోయిన శనివారం సందకాడ దీపం పెడ్తా పెడ్తా చేతులు చెమటలు పట్టి, నా భుజం పట్టుకొనె."

"చూసినావా వదినా? నన్ను అంటివి. నువ్వేమి చేస్తాండావు? షుగరోళ్లు పస్తుండి మాత్ర వేసుకున్నా కష్టమే, వేసుకోకున్నా కష్టమే. మా తమ్ముడు శంకరప్పకు డాక్టరు చెప్పె. ఉపవాసమే వద్దనె."

"నువ్వు ముందు తిను, తర్వాత నాకు చెప్పు. ఈ డబ్బాలో ఇంగా ఉండాది. పట్టు యల్లక్కా."

"నాకు వద్దు. మొక్కు."

"కూతురు తినింది, తల్లికేమి మొక్కు? దానికోసమే కదా ఉంటాండేది?"

"అమ్మా, తిను. చేతిలో పెడ్తా."

"పెట్టు పెట్టు. చెనక్కాయలు కింది భాగంలో ఉండాయి. యల్లక్కా, నీ బీపీ మాత్ర యాడ?"

"సంచిలో."

"తియ్యి. నేనూ శనివారం షుగర్ మాత్ర గురించి మా డాక్టరును అడుగుతా. పుష్పకు ఒక మాట, నాకు ఒక మాట ఎట్ల?"

"బండి నిలబడినట్లుండాది వదినా."

"నిలబడనీ అమ్మా, ఎప్పుడూ నిలబడేదే కదా. నువ్వు తిను. అత్తా, మరి మొక్కులెట్ల? స్వాములకు మాట ఇచ్చిందేమైతాది?"

"అదే నాకూ భయం పుష్పా. నరసింహస్వామితో ఆటలాడకూడదు."

"బాబయ్య స్వామితో మాత్రం ఆడచ్చా? దేనికైనా ఒక దారి ఉంటాది. ఉపవాసం బదులు ఇంగేమన్నా చేస్తామని చెప్పుకుంటే?"

"మా పక్కింటి జమ్రూద్ ఉండాది కదా, ఆమె మొగుడు నజీరుద్దీన్‌కు కూడా ఇదే ఫిట్సు. రంజాను రోజాలకు ముందరే పోయి డాక్టరును అడుగుతారు. ఆయన చెప్పినట్లు తెల్లారుజామున సహరీకి ఒక మాత్ర, సందకాడ ఇఫ్తారుకు ఒకటి. ఒక యాడాది డాక్టరు వద్దంటే రోజాలే ఉండలే. బీదోళ్లకు అన్నం పెట్టిరి."

"ఇదంతా నీకు తెలుసా వదినా?"

"తెలుసు. ఆ యాడాది బిర్యానీ మా ఇంటికీ పంపించిరి."

"బిర్యానీ తిన్నావు గాని, మాత్ర గురించి అనుమానం రాలేదా నీకు?"

"వాళ్ల రోజా వేరే, మన ఒక్కపొద్దు వేరే అనుకుంటి. బిర్యానీ బాగుండె."

"వాళ్లకు అన్నం పెడితే చెల్లితే మనకూ చెల్లుతాది. నేను దర్గాకాడ బేస్తవారం పదిమందికి అన్నం పెడ్తా. బాబయ్య స్వామి ఒప్పుకుంటాడు. ఆయన మంచోడు."

"నరసింహస్వామి కూడా మంచోడే. పైకి కోపంగా కనపడ్తాడు అంతే. నేను శనివారం టీ మానేస్తా."

"నువ్వు టీ మానేస్తే స్వామికేమి ఒరిగె?"

"టీ మానేస్తే నాకెంత కష్టమో స్వామికి తెలుసు. అన్నం మానేదానికంటే పెద్ద మొక్కు అది."

"అత్తా, టీ మానేస్తే శనివారం ఇంట్లో ఉండేదెవురు? నేనూ ఆయనా ఊరొదిలి పోవాల."

"చూడు, చూడు. మాత్ర పడింది, మాట పెరిగింది."

"అయితే ఇద్దరం కలిసి కొబ్బరికాయ కొట్టిద్దాం వదినా. కదిరికి ఒకసారి నువ్వూ నేనూ పోదాం. పెనుకొండకు నువ్వు రా. కొత్తిమీర కడిగి వండుతా, దగ్గరుండి చూద్దువు."

"వస్తా. ధనియాలపొడి నేనే తెస్తా."

"నవ్వుతాండావేమే పాపా? కిటికీలోకి తల పెట్టి ఎందుకు నవ్వుతాండావు? ఔను, బండి ఇంత జోరుగా పోతాండాది, పెనుకొండ ఇంగా రాలేదేంది? లేటా?"

"లేటు కాదమ్మా."

"మరి కొండ కనపడదేమి?"

"వెనకపక్క చూడు, కనపడ్తాది."

"వెనకపక్క ఎందుకుంటాది? వదినా, కొండ వెనక్కెట్ల పాయ?"

"పుష్పా, పెనుకొండ దాటిపోయినామా?"

"ఎప్పుడో దాటినాం అత్తా."

"నువ్వు కిటికీ కాడే కూకోనుంటివి కదే. స్టేషన్లో బోర్డు చూడలేదా?"

"చూసినా."

"చూసి కూడా చెప్పలేదేమే పాపా?"

"చెప్పింటే నువ్వు దిగిపోయేదానివి కదమ్మా."